గుట్ట మీద గడ్డి ఎవరిది

2024 మే 21

ఎన్నికల కోడు ఉంది, ఊళ్లో సభ పెట్టడానికి లేదు. గుట్ట ఎక్కడానికి కోడు అడ్డురాదు కాబట్టి పొద్దున్నే ముగ్గురం ఎక్కాం. వాటర్‌షెడ్ పటం చుట్టి చంకలో పెట్టుకున్న ఇంజనీరు, నేను, మాకు ముందు గొర్రెల పెద్దాయన. కళ్యాణదుర్గం వైపు గుట్టలన్నీ ఒకటే తీరు. పైన బండ, నడుమ సర్కారు కంప, కింద ఎర్రనేల, అందులో శెనక్కాయ.

పటంలో తప్పు పట్టడానికేమీ లేదు. పైన కాంటూరు కందకాలు, వాటి కింద రాతికట్టలు, వంకలో రాక్‌ఫిల్ డ్యాములు, అడుగున ఊటకుంట, చెక్‌డ్యాం. పరుగెత్తే నీటిని నడిపించాలి, నడిచే నీటిని నిలపాలి, నిలిచినదాన్ని ఇంకించాలి. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో ఇంతకు మించిన శాస్త్రం లేదు.

పెద్దాయన పటం వైపు చూడలేదు. నడుస్తూ చెప్పుకుపోయాడు. ఇది పొద్దున మందలు ఎక్కే దోవ. ఆ బండ కింద దొన, మాఘం దాకా అందులో నీళ్లుంటాయి. ఉత్తరం వాలులో గడ్డి ముందు లేస్తుంది, ఈనిన గొర్రెల్ని అక్కడికే తోలతారు, పిల్లలు దూరం నడవలేవు. కంపకాయ ఎండలో రాలే చోటు ఇది, వేసవిలో రెండు నెలలు మందలు దానిమీదే బతుకుతాయి. ఒక గుట్టలో ఆయనకు పది గుట్టలు కనిపిస్తున్నాయి. మూడో వరస కందకం సరిగ్గా మందల దోవకు అడ్డంగా పోతోంది.

"ఈ దోవ మూసినాక మందని యాడ ఎక్కియ్యాల సార్?"

ఇంజనీరు మంచివాడు. అక్కడే పెన్సిలుతో ఆ గీతను రెండు ముక్కలు చేసి నడుమ దారి వదిలాడు. నీళ్లు దారిలోకి జారిపోకుండా ముక్కల చివరలు కొంచెం ఎగువకు వంచాడు. అయిదు నిమిషాల పని.

2024 మే 24

రాత్రి ప్రాజెక్టు రిపోర్టు మళ్లీ మొదటి నుంచి చదివాను. గొర్రెలూ మేకలూ సమస్యల అధ్యాయంలో ఉన్నాయి: విచ్చలవిడి మేపు, మొక్కలకు నష్టం, నేల కోత. యాభై పేజీలు తిప్పితే జీవనోపాధుల అధ్యాయంలో పాడి ఆవులు. అవి ఇంకా కొనలేదు, ఏ సంతలో ఉన్నాయో తెలియదు, అయినా అప్పుడే పరిష్కారం అయిపోయాయి. ఊళ్లో ఉన్న పశువు సమస్య, కొనబోయే పశువు పరిష్కారం!

ఇది ఈ రిపోర్టు ఒక్కదాని జబ్బు కాదు. హనుమంతరావు కమిటీ సిఫారసులతో 1995 ఏప్రిల్ నుంచి వాటర్‌షెడ్లు ఊరి కమిటీల చేతికొచ్చాయి. మాట మారింది, మనుషులు మధ్యలోకి వచ్చారు, అది గొప్ప మార్పే. 2008 ఉమ్మడి మార్గదర్శకాల్లో అయితే ఆస్తిలేనివాళ్ల జీవనోపాధికి పది శాతం, ఉత్పత్తి పద్ధతులకు పదమూడు శాతం అని విడిగా రాశారు. పశువులకు చోటు అక్కడ దొరికింది. దొరికిన చోటు కొనుగోళ్ల పద్దులో. సగం డబ్బు పోయే పనుల పద్దులోకి, అంటే గుట్ట ఎలా తవ్వాలి, ఎక్కడ మూయాలి అనే నిర్ణయాల్లోకి, మంద ఇప్పటికీ రాలేదు. హెక్టారుకు అప్పుడు 12,000 ఇచ్చేవారు, ఇప్పుడు మైదానాల్లో 22,000. రేటు పెరిగింది, అధ్యాయాల వరస మాత్రం మారలేదు.

2024 జూన్ 2

చిటుక రోగం టీకాలు. తొలకరికి లేచే లేతగడ్డి ఆబగా మేసి, సాయంత్రం బాగున్న గొర్రె పొద్దుటికి కాళ్లు చాపేస్తుంది. అందుకే వాన ముందే వేయాలి. నట్టల మందు కూడా తాగించాం. వాటర్‌షెడ్ జీపులో టీకాల డబ్బా చూసి ఒక కుర్రాడు, "మీరు కట్టలు కట్టేవాళ్లు గదా" అన్నాడు. టీకా వేస్తున్నంతసేపూ వాళ్లు చెప్పే మాటలు సభలో చెప్పే మాటలు కావు. ఎవరి మంద ఎన్ని నెలలు ఊళ్లో ఉంటుంది, ఎవరు ఎప్పుడు వలస పోతారు, ఎవరి చేలో మంద పెడతారు, ఎకరాకు ఎంత ఇస్తారు, అన్నీ సూదులు మార్చుకునే లోపు తెలిసిపోయాయి.

2024 జూన్ 5

నిన్న ఓట్ల లెక్కింపు, ఊరంతా టీవీల ముందే. ఈ రోజు తీరిగ్గా లెక్క వేశాను.

ముప్పై కిలోల గొర్రెకు రోజుకు బరువులో మూడు శాతం ఎండుమేత, అంటే తొమ్మిది వందల గ్రాములు. వంద గొర్రెల మందకు రోజుకు తొంభై కిలోలు. ఫిబ్రవరి నుంచి జూన్ సగం దాకా గుట్ట మీద గడ్డి ఉండదు. ఆ నాలుగున్నర నెలలకు ఒక్క మందకే నూట ఇరవై క్వింటాళ్లకు పైన కావాలి. ఇప్పుడు అది ఎక్కడ దొరుకుతోంది? కొంత శెనక్కాయ కట్టె. కాయ దక్కని ఏడాది కూడా రైతుకు మిగిలేది అదే, దాన్ని ఆవులకూ ఎద్దులకూ వామి వేసుకుంటాడు, గొర్రెలవాడికి అమ్మడు. కొంత కంపకాయ. కొంత వేప, తుమ్మ రొట్ట. మిగతా అంతా నడక. తుంగభద్ర ఆయకట్టు దాకా నడిచిపోయి, కోసిన వరిమళ్లలో మేపుకుని, రైతు దగ్గర ఎరువుకు డబ్బు తీసుకుని, వానలకు తిరిగి రావడం.

గుట్టను మూడేళ్లు మూస్తామంటే ఈ లెక్కలో జులై నుంచి జనవరి దాకా ఉన్న ఏడు నెలలు కూడా పోతాయి. అది రిపోర్టులో ఎక్కడా రాయలేదు.

నీళ్ల లెక్క కూడా: వేసవిలో గొర్రెకు నాలుగైదు లీటర్లు. వంద గొర్రెలకు అయిదు వందల లీటర్లు చాలు. ఇంత తక్కువ నీటితో బతికే ఆదాయం ఈ జిల్లాలో ఇంకోటి నాకు కనపడలేదు.

2024 జులై 11

గ్రామసభ. రామాలయం అరుగు సరిపోక చింతచెట్టు కింద కూర్చున్నారు.

బోర్లున్న రైతులంతా గుట్ట మూయాలన్నారు. వాళ్ల లెక్క సరైనదే. పైన నీళ్లు ఇంకితే కింద వాళ్ల బోర్లే బతుకుతాయి. మందలవాళ్లలో ఎక్కువమందికి భూమి లేదు, ఉన్నా బోరు లేదు. నీళ్లు ఇంకడానికి వాళ్లు మేత వదులుకోవాలి, ఇంకిన నీళ్లు ఇంకొకడి మోటారులో వస్తాయి. ఈ మాట నేను అనలేదు. మేకల అవ్వ అంది, ఇంకా చిన్నగా: "మీ బోర్లకి నీల్లు రావాలంటే నా మేకలకి మూడేండ్లు నోరు కుట్టాల్నా?"

నవ్వారు. ఆమె నవ్వలేదు. మేకల్ని తిట్టడం అందరికీ అలవాటు, ఆఖరికి గొర్రెలవాళ్లకు కూడా. మేక ఎక్కువగా తినేది ఆకు, గొర్రె తినేది గడ్డి, అదీ నేల మట్టానికి. ఎండిన వాలులో గడ్డి దుబ్బు చావడానికి గొర్రె పన్ను చాలు. అయినా దోషం మేకదే అవుతుంది, ఎందుకంటే మేకలున్నది అవ్వలాంటి వాళ్లకు, నాలుగైదు తలలు, మాట్లాడేవాళ్లు లేరు. "నా మేకలు తినే ముల్లకంప ఏ వాటర్‌షెడ్డోడన్నా నరికినాడా?" అని కూడా అడిగింది. జవాబు నా దగ్గర లేదు.

నేను చెప్పింది ఇంతే. గుట్టను మూడు ముక్కలు చేద్దాం. ఒకసారి ఒక ముక్కే మూద్దాం. మూసిన ముక్కలో గడ్డి కోసుకోవచ్చు, మందను తోలకూడదు. కోసే హక్కు మొదట భూమిలేని మందలవాళ్లది, ఇది తీర్మానం పుస్తకంలో రాద్దాం. మూడింటిలో ఏది ముందు మూయాలో వాళ్లే చెప్పాలి.

సాయంత్రం దాకా తేలలేదు. పెద్దాయన చివర్లో, "ఉత్తరం వాలు మాత్రం ముట్టొద్దు, దచ్చినం వైపు మూసుకోండి" అన్నాడు. అది అన్నిటికన్నా గుల్లయిన వాలు. బాగుపడటానికి ఎక్కువ కాలం పట్టేది, వాళ్లు వదులుకునేది తక్కువ. తెలివైన బేరం. ఒప్పుకున్నాం.

2024 జులై 13

ప్రతి శిక్షణలోనూ చెప్పే ఊళ్లు సుఖోమాజ్రీ, రాలేగణ్ సిద్ధి. వినేవాళ్లు ఇంటికి పట్టుకెళ్లేది ఒక్క ముక్క: "మేపు బంద్ చేశారు, గుట్ట పచ్చబడింది." రాలేగణ్ నియమాల్లో మేపు బంద్ ఉన్న మాట నిజమే. సుఖోమాజ్రీలో మాత్రం వరస తిరగేసి చెబుతున్నారు. చండీగఢ్ సుఖ్నా సరస్సు పూడిపోతుంటే, ఆ ఒండ్రు ఎక్కడి నుంచి వస్తోందో వెతుక్కుంటూ నేల సంరక్షణ శాస్త్రవేత్త పి.ఆర్. మిశ్రా ఆ ఊరు చేరారు. ముందు అక్కడ ఆంక్ష లేదు. 1970లలో చిన్న మట్టికట్ట, అందులో నీళ్లు. నీళ్లు చేలకు అందాక ఊరివాళ్లే కొండను కాపాడారు. అసలు సంగతి ఆ తర్వాతది: నీళ్లలో ప్రతి ఇంటికీ సమాన వాటా, భూమిలేని ఇంటికి కూడా. భూమి లేనివాడు తన వాటాను అమ్ముకోవచ్చు. కొండ మీది గడ్డి ఆదాయం కూడా ఊరి సంఘానికి. అప్పుడు మేకలు తగ్గాయి, గేదెలు పెరిగాయి. వాటా ఇచ్చాక తగ్గాయి, నోరు కుట్టి కాదు.

మన దగ్గర బోరు కింద నీళ్లకు వాటా అంటే తన్నుకుంటారు. ఆ మాట ఎత్తే ధైర్యం ఏ కమిటీకీ లేదు, నాక్కూడా. గడ్డికి వాటా అనైనా మొదలుపెడితే చాలనిపిస్తోంది.

2024 ఆగస్టు 8

కందకాల గట్ల మీద స్టైలో మేతగింజ చల్లాం. గింజ తోలు గట్టిది, ఊరికే చల్లితే మొలవదు. పొయ్యి మీద నుంచి దించిన వేడినీళ్లలో కాసేపు ముంచి, ఆరబెట్టి, ఇసుక కలిపి చల్లాలి. ఈ విత్తనం మన జిల్లా రైతులే పండిస్తారు. గింజ నేల మీద రాలితే చీపుళ్లతో ఊడ్చి, జల్లించి, తూర్పారబట్టి అమ్ముతారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల బీళ్లకో ఇక్కడి దుమ్ముతో సహా పోతుంది, ఈ ఊరి గుట్టకు రావడానికి ఇన్నేళ్లు పట్టింది.

మొదటి ఏడాది స్టైలో పలచగానే ఉంటుంది. కమిటీ కుర్రాళ్లకు ఈ సంగతి రెండుసార్లు చెప్పాను, పచ్చగా కనపడలేదని నాలుగు నెలలకే పెదవి విరుస్తారు.

2024 ఆగస్టు 27

వాన మొహం చాటేసింది. చేలో శెనక్కాయ వాడుతోంది. చౌటి దగ్గర జొన్న మోకాలెత్తులో ఎండి మళ్లీ పిలకలు వేసింది, ఒక రైతు గొడ్లు తెంపుకుని అందులో పడ్డాయి. నాము పట్టింది. ఒకటి నేను పోయేసరికే పోయింది, రెండోదానికి హైపో ఎక్కించాక లేచింది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు ఇంకో మండలంలో ఉంది, దాని తప్పు కాదు.

2024 సెప్టెంబర్ 17

పాడి ఆవుల జాబితా తయారైంది. చూడగానే తెలిసింది, బోరు లేని ఇల్లు ఒక్కటీ లేదు. నియమం అలా రాయలేదు. పచ్చిమేత ఉన్నవాళ్లకే ఆవు అన్నారు, పచ్చిమేత అంటే సూపర్ నేపియర్, నేపియర్ అంటే బోరు.

సంకరజాతి పాడి ఆవు వేసవిలో అరవై, డెబ్భై లీటర్లు తాగుతుంది, అది చిన్న ఖర్చు. రోజుకు పాతిక కిలోల పచ్చిమేత పండించడానికి పారే నీళ్లే పెద్ద ఖర్చు. గుట్ట మీద మందను ఆపి ఇంకించిన నీళ్లు నేపియర్ మడిలోంచి పైకి వచ్చి పాలక్యానులో పట్నం పోతాయి. పాడి వద్దనడం లేదు. చెరువు కింద, కాలవ కింద పాడి బంగారం. ఇక్కడ ముందు బోర్ల నీటిమట్టం కొలిచి, ఎన్ని ఆవులకు ఆగుతుందో చూసి జాబితా రాయాలి. నా అభ్యంతరం కాగితం మీద పెట్టాను.

పొదుపు సంఘంలో అడిగితే ఆడవాళ్లు గొర్రెపిల్లలే కావాలన్నారు. కారణం ఒకామె చెప్పింది: "ఆవు ఉంటే పొద్దున మాపున పాలు పిండల్ల. పెండ్లికి పోయేకి లేదు, కూలికి పోయేకి లేదు. గొర్రె అట్ల గాదు, అవసరం పడితే ఒకటి అమ్ముకోవచ్చు." ఇంకో మాట కూడా అంది, నేను ఆలోచించనిది. గుట్ట మూసి గడ్డి కోసుకోమన్నారు కదా, కోసి మోపు మోసేది ఎవరు? మందను తోలేవాడు మగవాడు. కొడవలి వచ్చేది ఆడదాని చేతికి. మా ప్రణాళికలో "మేపు తగ్గింపు" అని రాసిన ప్రతిచోటా ఒక ఆడమనిషికి రోజుకు రెండు గంటల పని పెరుగుతోందన్నమాట.

2024 అక్టోబర్ 23

రెండు రాత్రులు ఒకటే వాన. అనంతపురంలో పండమేరు పొంగి కాలనీలు మునిగాయి. మా గుట్ట మీద కందకాలు నిండి పొర్లాయి, రాక్‌ఫిల్ డ్యాముల్లో ఒకటి పక్కకు కోసుకుపోయింది, మిగతావి నిలిచాయి. చెక్‌డ్యాం వెనక నీళ్లు చూడటానికి ఊరంతా వచ్చింది. సంతోషంగానే ఉంది. ఇంజనీరు ఫొటోల మీద ఫొటోలు తీశాడు.

మందలవాళ్లకు నేను చెప్పినది మాత్రం సంతోషం కలిగించేది కాదు. నిలిచిన నీళ్లంటే చిన్న దోమలు, వాటితో నీలినాలుక. అంచుల్లో నత్తలు, వాటితో కాలేయపు జలగ. చెక్‌డ్యాం కట్టిన ఊళ్లో నట్టల మందు షెడ్యూలు కూడా మారాలి, ఎవరూ మార్చరు. నీళ్ల అంచున మేపొద్దు, పొద్దు బాగా ఎక్కాక తోలండి, తాగడానికి ఒక్క చోటే దించండి అని చెప్పాను.

ఫారం పాండ్లు ఇంకో గొడవ. నాలుగు పక్కలా నిటారు గోడలు. దాహానికి దిగిన గొర్రెపిల్ల పైకి రాలేదు, ఆ ప్రమాదం మనిషి పిల్లలకు కూడా ఉంది. ఒక పక్క ఏటవాలుగా రాళ్లు పరిచి దారి వేయండి, చుట్టూ కంపైనా నాటండి అంటే ఎస్టిమేట్‌లో లేదంటారు.

2024 నవంబర్ 19

నీలినాలుక వచ్చింది. మూతులు వాచి, గిట్టల పైన ఎర్రబడి కుంటుతున్నాయి. దాని టీకా వేసిన మందల్లో తక్కువ.

2024 డిసెంబర్ 6

పశుగణన ఎన్యూమరేటరు వచ్చాడు. ఇది 21వది, అక్టోబర్ 25న ఢిల్లీలో మొదలైంది. సంచార పశుపాలకుల వివరాలు విడిగా రాసుకోవడం ఇదే మొదటిసారి, అది మంచి పని. 2019 లెక్కలో తెలంగాణ కోటీ 90 లక్షల గొర్రెలతో దేశంలో మొదటిది, మన ఆంధ్రప్రదేశ్ కోటీ 76 లక్షలతో రెండోది. దేశంలోని గొర్రెల్లో దాదాపు సగం ఈ రెండు రాష్ట్రాల్లో ఉన్నాయి. వాటికి మేత ఎక్కడుందో లెక్కపెట్టే ఎన్యూమరేటరు ఇంకా రావాలి.

మా ఊళ్లో రెండు మందలు అప్పటికే ఆయకట్టుకు పోయాయి. వాళ్లని అక్కడ ఎవరైనా రాసుకుంటారా అని పెద్దాయన అడిగాడు. రాసుకోవాలి అన్నాడు ఎన్యూమరేటరు, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

2025 జనవరి 18

దక్షిణం వాలులో మొదటి కోత. స్టైలో అనుకున్నట్టే పలచన. పాత గడ్డి మాత్రం నేను ఊహించిన దానికన్నా బాగా లేచింది, వేళ్లు చావలేదన్నమాట, పన్ను పడకపోయేసరికి తేరుకుంది.

గొడవ కూడా మొదటి రోజే. బోరున్న రైతు ట్రాక్టరుతో వచ్చాడు. తీర్మానంలో భూమిలేనివాళ్లకు మొదటి హక్కు అని ఉందని కమిటీ అంది. "కందకం నేనూ తవ్వినా" అన్నాడు. నిజమే, తవ్వాడు, కూలి కూడా తీసుకున్నాడు. మధ్యాహ్నానికి తేలింది: ట్రాక్టరు వద్దు, ఇంటికి రోజుకొక మోపు, తలమీద మోసినంతే. తల మీద మోపు అనగానే ట్రాక్టరు రైతుకు ఆసక్తి తగ్గిపోయింది. ఇది నా ఆలోచన కాదు, మేకల అవ్వది. ఏ మార్గదర్శకాల్లోనూ చూడలేదు.

సంక్రాంతికి ముందే మినీ గోకులాలు కొన్ని పూర్తయ్యాయి. ఉపాధి హామీ నిధులతో పశువులకు గట్టి షెడ్లు. షెడ్డు వచ్చినవాళ్లలో ఇద్దరు అందులో ట్రాక్టరు పెట్టుకున్నారు.

2025 ఫిబ్రవరి 12

తొట్టి సంగతి తేలింది. మందల దోవ దిగే చోట నీటితొట్టి కట్టాం, నింపేదెవరని మూడు నెలలు నానింది. పక్క బోరు రైతే ఒప్పుకున్నాడు. బదులుగా ఏటా కోత అయ్యాక అయిదు రాత్రులు ఆయన చేలో మంద నిలపాలి, డబ్బు అడగకూడదు. గొర్రెలవాళ్లకు అయిదు రాత్రుల ఆదాయం పోతుంది, వేసవంతా నీళ్లు దొరుకుతాయి. రైతుకు ట్రాక్టరు ఎరువు మిగులుతుంది. వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు, మమ్మల్ని సాక్షి సంతకానికి పిలిచారు.

2025 ఫిబ్రవరి 20

మూల్యాంకన పట్టిక నింపి పంపాలి. కందకాలు ఎన్ని మీటర్లు, కట్ట ఎన్ని క్యూబిక్ మీటర్లు, లబ్ధిదారులు ఎందరు, మహిళలు ఎందరు. ఏ మందకు ఎన్ని రోజుల మేత పెరిగింది అనే గడి లేదు. "ఇతర విశేషాలు" కింద దక్షిణం వాలు మోపుల లెక్క రాసి పెట్టాను. ఎవరైనా చదివితే ఫోన్ చేస్తారు.

రెండో ముక్క ఎప్పుడు మూయాలి, మొదటిది ఎప్పుడు తెరవాలి అన్నది మార్చి సభకు వాయిదా. నేను వచ్చే నవంబర్‌లో విత్తనం రాలేదాకా తెరవొద్దంటున్నాను. ఈనిన గొర్రెలకు ఆగస్టులోనే పదిహేను రోజులు కావాలని వాళ్లంటున్నారు. పదిహేను రోజులకు ఎన్ని గొర్రెలు, ఏ పక్క నుంచి అని రాసి తెమ్మన్నాను. పెద్దాయన మనవడు ఇంటర్ చదువుతున్నాడు, వాడు రాస్తాడట.